వెబ్‌ఓఎస్ టీవీలో కోడి: సత్యనారాయణపురంలో ఒక కేసు

టీవీ స్టోర్‌లో దొరకని ప్లేయర్ ఎక్కించమని నన్ను పిలిచేవాళ్లలో చాలామందికి నిజానికి ఆ ప్లేయర్ అక్కర్లేదు. ఒకరికి ఫైల్లో ఆడియో మారిస్తే సరిపోతుంది, ఇంకొకరికి వైఫై బదులు కేబుల్ లాగితే సరిపోతుంది. విజయవాడ సత్యనారాయణపురంలోని ఈ ఇంట్లో మాత్రం నిజంగానే కావలసి వచ్చింది. ఆ ప్లేయర్ పేరు కోడి (Kodi), వీడియోలు ఆడించే ఉచిత యాప్. ఎక్కించడం ఒక పూట పని. ఎక్కించినది అక్కడే నిలబడేలా చూడటం వేరే పని, అసలు ఆలోచనంతా దానికే పట్టింది. అందుకే ఈ కేసు రాసి పెడుతున్నాను.

ఇల్లు, టీవీ, ఫైళ్లు

కస్టమర్ రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన తండ్రిగారు తెనాలి, గుంటూరు వైపు పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆ నాటకాల వీడియో క్యాసెట్లు నలభై పైచిలుకు ఇంట్లో ఉండేవి. బూజు పట్టకముందే అన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నారు. మంచి పని. కాకపోతే ఆ నలభై క్యాసెట్లూ ఒక్క హార్డ్‌డిస్క్‌లోనే ఉన్నాయి, ఇంకో కాపీ లేదు. టీవీ సంగతి తర్వాత చూద్దాం మాస్టారూ, ముందు ఇంకో డిస్క్ కొనండి అన్నాను. రెండో డిస్క్ వచ్చి, కాపీ పూర్తయ్యాకే మిగతా పని మొదలుపెట్టాను. ఇలాంటి పాత సరుకున్న ఇంట్లో ఎవరైనా సరే ఈ వరుస తప్పకూడదు.

టీవీ 2021 మోడల్ ఎల్‌జీ, అంటే లోపల నడిచే సాఫ్ట్‌వేర్ వెబ్‌ఓఎస్ 6. ఈ వెబ్‌ఓఎస్ 2009లో పామ్ కంపెనీ ఫోన్ల కోసం పుట్టింది, హెచ్‌పీ చేతికి వెళ్లి, 2013లో ఎల్‌జీకి చేరింది. లోపల లైనక్సే అయినా ఆండ్రాయిడ్ టీవీలా ఏపీకే (యాప్) ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించడం కుదరదు. కొనేటప్పుడు "ఏ ఫైలైనా ఆడేస్తుంది సార్" అని షాపులో చెప్పారట. ఏ టీవీ గురించీ ఎవరూ అనకూడని మాట అది.

డిస్క్‌లో ఉన్నవి చూశాక ఫిర్యాదు ఒకటి కాదని తేలింది.

క్యాసెట్ల నుంచి తీసినవన్నీ డీవీ ఫార్మాట్‌లో ఉన్న ఏవీఐ ఫైళ్లు. 720 బై 576, సెకనుకు 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్డ్, అంటే ప్రతి ఫ్రేమూ సరి గీతలు, బేసి గీతలుగా రెండు విడతల్లో ఉంటుంది. గంట నాటకానికి దాదాపు 13 జీబీ. వీటిని టీవీ అసలు తెరవదు. డీవీ అనేది క్యామ్‌కార్డర్ల కాలం నాటి కోడెక్, అంటే వీడియోను కుదించే పద్ధతి. టీవీ చిప్‌లలో దాన్ని విప్పే డీకోడర్ పెట్టరు.

రెండో రకం డీవీడీల నుంచి యథాతథంగా కాపీ చేసిన ఫోల్డర్లు. డీవీడీలో వీడియోను ఒక్కోటి 1 జీబీ మించని వీఓబీ ముక్కలుగా పెడతారు. టీవీ ఒక్కో ముక్కనూ ఒక్కో సినిమా అనుకుంటుంది. పద్యం మధ్యలో, రాగం తీస్తుండగా ముక్క అయిపోతుంది, మాస్టారు రిమోట్ పట్టుకుని తర్వాతి ముక్క వెతుక్కోవాలి. దానికి ఆయనకు ఎంత కోపమొచ్చేదో అమ్మగారు నాకు విడిగా చెప్పారు.

మూడోది కొడుకు తన బ్లూరే కచేరీ డిస్కుల నుంచి తీసుకున్న కొన్ని ఎంకేవీ ఫైళ్లు. బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. ఆడియో డీటీఎస్ అనే ఫార్మాట్‌లో ఉండటమే కారణం. 2020 నుంచి 2022 దాకా వచ్చిన ఎల్‌జీ టీవీల్లో డీటీఎస్ డీకోడింగ్ లేదు, 2023 మోడళ్లలో మళ్లీ ఇచ్చారు. శాంసంగ్ అయితే 2018 నుంచే తీసేసింది. "మా పాత టీవీలో ఇదే ఫైలు ఆడేది" అని ఎవరైనా అంటే నమ్మండి, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు.

ఇక నాలుగోది సబ్‌టైటిళ్లు. దాని కథ విడిగా చెప్పాలి.

ప్లేయర్ లేకుండా ఎంత తీరుతుంది

డీటీఎస్ సంగతి ముందు తేల్చేశాను. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే టూల్‌తో వీడియోను ముట్టుకోకుండా ఆడియోను మాత్రం టీవీకి వచ్చే ఏసీ3 ఫార్మాట్‌లోకి, 640 కేబీపీఎస్‌లో, మార్చి కొత్త ఫైలుగా రాయించాను. బొమ్మలో నాణ్యత తగ్గదు, ఫైలుకు కొద్ది నిమిషాలే పడుతుంది. ఆ పది పన్నెండు ఫైళ్లతో మూడో ఫిర్యాదు పోయింది. కేసు ఇంతవరకే అయితే కోడి పేరు కూడా ఎత్తేవాణ్ని కాదు.

డీవీ ఫైళ్లనూ టీవీకి వచ్చే హెచ్264 కోడెక్‌లోకి మార్చేయొచ్చు. చాలామంది మార్చేసి అసలువి చెరిపేస్తారు. అది నాకు నచ్చదు. డీవీలో ప్రతి ఫ్రేమూ దేనికదే కుదించి ఉంటుంది, ఎక్కడైనా కోసుకోవచ్చు, రేపు మెరుగైన ఫిల్టర్ వస్తే మళ్లీ శుభ్రం చేసుకోవచ్చు. ఇంటర్‌లేస్ తీసేసి ఒకసారి కుదించాక ఆ సమాచారం తిరిగి రాదు. అసలువి ఉంచి, చూడటానికి వేరే కాపీలు చేద్దామంటే కూర్చుని ఒక్కో నాటకానికీ ఇంటర్‌లేస్ వరుస సరిచూసి ఎన్‌కోడ్ చేయాలి. మాస్టారు ఆ ఖర్చుకు ఒప్పుకోలేదు. ఉన్నవి ఉన్నట్టే ఆడాలి అన్నారు.

హెచ్‌డీఎంఐకి తగిలించే ఆండ్రాయిడ్ స్టిక్ గురించీ మాట్లాడుకున్నాం. అయిదారు వేల లోపే వస్తుంది, కోడి ప్లేస్టోర్‌లోనే దొరుకుతుంది, ఏ గొడవా లేదు. మామూలుగా నా మొదటి సలహా అదే. ఇక్కడ రెండు అడ్డంకులున్నాయి. టీవీని చెక్క ప్యానెల్‌లో గోడకు బిగించారు, హెచ్‌డీఎంఐ పోర్టులు చేతికి అందవు. రెండోది అమ్మగారు. సెట్‌టాప్ బాక్సు నుంచి యాప్‌లకూ, యాప్‌ల నుంచి బాక్సుకూ మారడమే ఆ ఇంట్లో రోజూ ఒక గొడవ. సీఈసీ ఆన్ చేస్తే టీవీ రిమోట్‌తోనే స్టిక్ కూడా నడుస్తుందని చెప్పాను. "నడుస్తుందయ్యా, కానీ ఇంకో ఇన్‌పుట్ వచ్చిందిగా! సీరియల్ టైముకి అది ఎక్కడుందో వెతకలేను" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

జెల్లీఫిన్ సంగతేమిటని తెలిసినవాళ్లు అడుగుతారు. 2018 చివర్లో ఎంబీ (Emby) అనే మీడియా సర్వర్ నుంచి విడిపోయి వచ్చిన ఉచిత సర్వర్ అది. దాని యాప్ ఎల్‌జీ స్టోర్‌లోనే ఉంది, దొడ్డిదారి ఏదీ అక్కర్లేదు. టీవీకి రాని ఫైలును సర్వర్ అప్పటికప్పుడు మార్చి పంపుతుంది. ఇంట్లో ఓ పాత లాప్‌టాప్ ఉంది కాబట్టి పెట్టి చూశాను. డీవీ ఫైళ్లు బాగానే ఆడాయి. డీవీడీ ఫోల్డర్లలోని మెనూలు మాత్రం రావు. పైగా సబ్‌టైటిల్ విషయంలో మాస్టారికి కావలసినంత స్వేచ్ఛ లేదు. అయినా దాన్ని తీసేయలేదు, ఎందుకో తర్వాత చెబుతాను.

అను అక్షరాలు

మనవలకు పద్యం చెవికి ఎక్కడం లేదని మాస్టారు పడ్డ తంటా ఇది. పద్యాలన్నీ ఒక పుస్తకంగా వేయిద్దామని చాలా కాలం క్రితం గవర్నరుపేటలో డీటీపీ చేయించారు. ఆ కంపోజింగ్ ఫైళ్లు ఇంకా ఉన్నాయి. వాళ్ల తమ్ముడు వాటిలోంచి పద్యాలు నోట్‌ప్యాడ్‌లోకి తెచ్చి, ప్రతి పద్యానికీ టైము వేసి, ఎస్‌ఆర్‌టీ అనే సబ్‌టైటిల్ ఫైళ్లు తయారుచేశాడు. ఓపికకు దండం పెట్టాలి. టీవీలో వేస్తే తెలుగు బదులు టోపీలు, చుక్కలు పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాల ముద్ద. టీవీకి తెలుగు రాదని ఇంటిల్లిపాదీ తేల్చేశారు.

టీవీది ఏ తప్పూ లేదు. కంపోజింగ్ ‘అను’ అనే పేరున్న డీటీపీ ఫాంట్లలో చేశారు. ఆ ఫాంట్లు తెలుగు అక్షరపు ముక్కల్ని ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గదుల్లో పెడతాయి. ఆ ఫాంటు ఉన్న మిషన్ మీదే అది తెలుగు. ఇంకెక్కడైనా ముద్దే. అన్ని భాషల అక్షరాలకూ తలో నంబరు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా సొంత చోటుంది, టీవీలైనా ఫోన్లైనా వెతికేది అక్కడే. అంచేత ఏ ప్లేయర్ తెచ్చినా ఆ ఎస్‌ఆర్‌టీలు చదివి ఉండేది కాదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, యూటీఎఫ్-8గా సేవ్ చేశాం. కన్వర్టర్లు వత్తుల దగ్గర, ముఖ్యంగా రెండు వత్తులొచ్చే చోట, తడబడతాయి. దిద్దడం మాస్టారే పెట్టుకున్నారు. ఛందస్సు తెలిసిన మనిషి, గణం తప్పితే అక్కడ అక్షరం పోయినట్టే కదా. నేను పదిసార్లు చదివినా పట్టుకోలేని తప్పులు ఆయన పాడుకుంటూ పట్టేశారు.

అయితే పద్యం నాలుగు పాదాలూ తెర మీద ఒకేసారి ఉండాలి, అక్షరం సోఫా దగ్గరికి కనపడేంత పెద్దగా ఉండాలి, ఫాంటు ఆయన చెప్పిందే ఉండాలి. టీవీ సొంత ప్లేయర్‌లో బయటి ఫాంటు పెట్టుకునే వీల్లేదు. కోడిలో ఉంది. డీవీ, డీవీడీ మెనూలు, ఫాంటు, ఈ మూడూ ఒకేచోట తీరే దారి ఇంకొకటి కనపడలేదు. అందుకే కోడి.

ఎక్కించడం

కోడి గురించి రెండు ముక్కలు. 2002లో మొదటి ఎక్స్‌బాక్స్ గేమ్ మిషన్ కోసం మొదలైన ప్లేయర్ ఇది. చాలాకాలం ఎక్స్‌బీఎంసీ అనేవారు, 2014లో ఈ పేరు పెట్టారు. ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. సినిమాలేవీ దాంతో రావు, మన దగ్గరున్నవి ఆడుతుంది, అంతే. ఇది ఎందుకు చెబుతున్నానంటే, పని జరుగుతుండగా పక్క ఫ్లాటాయన వచ్చి "కొత్త సినిమాలన్నీ ఫ్రీగా వచ్చే యాడాన్ వేయవయ్యా" అన్నాడు. వేయను. అది దొంగతనం కావడం ఒక కారణం. ఊరూ పేరూ లేని కోడ్ కస్టమర్ ఇంటి నెట్‌వర్క్‌లోకి నా చేత్తో తెచ్చి పెట్టడం ఇంకో కారణం.

వెబ్‌ఓఎస్‌లోకి స్టోర్ దాటి వెళ్లడానికి రెండు దారులు. ఒకటి రూటింగ్. టీవీ సాఫ్ట్‌వేర్‌లో ఏదో కన్నం పట్టుకుని పూర్తి అధికారం తెచ్చుకోవడం. 2021లో వచ్చిన రూట్‌మైటీవీ అలాంటిదే, ఎల్‌జీ తర్వాతి అప్‌డేట్లలో ఆ కన్నాలు పూడ్చింది. రూట్ నిలవాలంటే టీవీని అప్‌డేట్ కానివ్వకూడదు. ఇంటర్నెట్‌కు తగిలించి ఉన్న వస్తువుకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసి రావడం నా ఇంట్లో చేసుకుంటానేమో గానీ కస్టమర్ ఇంట్లో చేయను.

రెండో దారి ఎల్‌జీయే ఇచ్చిన డెవలపర్ మోడ్. యాప్‌లు రాసేవాళ్లు పరీక్షించుకోవడానికి పెట్టినది. ఎల్‌జీ డెవలపర్ సైటులో అకౌంటు తెరవాలి, టీవీ స్టోర్ నుంచి డెవలపర్ మోడ్ యాప్ దించి అందులో లాగిన్ కావాలి, డెవ్ మోడ్ ఆన్ చేస్తే టీవీ రీస్టార్ట్ అవుతుంది. తర్వాత అందులోనే, కంప్యూటర్‌కు తాళం అందించే కీ సర్వర్ ఆన్ చేసి, తెర మీద కనపడే పాస్‌ఫ్రేజ్‌ను లాప్‌టాప్‌లోని టూల్‌కు ఇవ్వాలి. ఎల్‌జీ వాళ్ల కమాండ్ లైన్ టూల్స్ ఉన్నాయి. వద్దనుకుంటే డెవ్ మేనేజర్ అనే బొమ్మల టూల్ ఉంది, నేను అదే వాడతాను. టీవీలో 9922 పోర్టు మీద ఎస్‌ఎస్‌హెచ్, అంటే కంప్యూటర్ నుంచి టీవీలోకి వెళ్లే తాళం ఉన్న దారి, తెరుచుకుంటుంది, దాని గుండా కోడి ఐపీకే (వెబ్‌ఓఎస్ యాప్) ఫైలు ఎక్కుతుంది. ఐపీకే కోడి వాళ్ల సొంత సర్వర్ నుంచే తెచ్చుకోవాలి. వెర్షన్ 2024 ఏప్రిల్‌లో వచ్చిన 21, ఒమేగా. పనవగానే కీ సర్వర్ ఆపేయాలి. ఇది మరిచిపోయేవాళ్లు ఎక్కువ.

అకౌంటు ఎవరి పేరు మీద అన్నది చిన్న విషయంలా కనపడుతుంది. టెక్నీషియన్లు తమ అకౌంటుతోనే పది ఇళ్లలో లాగిన్ చేసేసి వెళ్లిపోతారు. తర్వాత వాళ్లు ఫోన్ ఎత్తకపోయినా, పాస్‌వర్డ్ మార్చినా కస్టమర్ చేతిలో ఏమీ ఉండదు. మాస్టారి ఈమెయిల్‌తోనే తెరిపించాను, పాస్‌వర్డ్ ఆయన పంచాంగం వెనక రాసుకున్నారు. సెక్యూరిటీ పుస్తకాలు ఒప్పుకోవు గానీ నాకు పరవాలేదనిపించింది.

డిస్క్‌ను మొదట రౌటర్ యూఎస్‌బీకి తగిలించి షేర్ చేద్దామని వాళ్లబ్బాయి అన్నాడు. ఆ పాత రౌటర్ నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ ప్రోటోకాల్‌లో వెర్షన్ 1 మాత్రమే ఇస్తుంది. 2017లో వన్నాక్రై వైరస్ పాకింది ఆ ప్రోటోకాల్ లోపం మీదుగానే. వద్దన్నాను. అటక మీదున్న లాప్‌టాప్ దించి, లైనక్స్ వేసి, డిస్క్ దానికి తగిలించి, చదవడానికి మాత్రమే వీలయ్యేలా షేర్ చేశాను. బ్యాటరీ ఇంకా కాసేపు నిలుస్తుంది కాబట్టి, వేసవిలో కరెంటు పోయినప్పుడు డిస్క్ పని మధ్యలో ఆగిపోయే భయం లేదు.

డీవీకి సెకనుకు 3.6 మెగాబైట్లు, అంటే దాదాపు 29 ఎంబీపీఎస్ నిలకడగా కావాలి. టీవీల్లో ల్యాన్ పోర్టు సాధారణంగా 100 ఎంబీపీఎస్‌దే, దీనికి చాలు. అపార్టుమెంటులో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద మాత్రం ప్రతి రెండు నిమిషాలకూ ఆగింది. ప్యానెల్ పక్కనుంచి కేబుల్ లాగాక ఆగలేదు.

నాటకం మొదలవగానే పాత్రధారి చేయి ఊపినప్పుడల్లా అంచుల్లో అడ్డగీతలు. ఇంటర్‌లేస్డ్ బొమ్మను అలాగే చూపిస్తే అంతే. కోడి వీడియో సెట్టింగుల్లో డీఇంటర్‌లేస్ ఆన్ చేసి, దాన్నే అన్ని వీడియోలకూ డీఫాల్ట్ చేశాను. సబ్‌టైటిళ్లు మొదట ఖాళీ పెట్టెలుగా వచ్చాయి, డీఫాల్ట్ ఫాంటులో తెలుగు లేదు. మండలి ఫాంటు ఫైలును కోడి ఫైల్ మేనేజర్‌తోనే దాని మీడియా ఫోల్డర్‌లోని ఫాంట్స్‌లోకి కాపీ చేసి, సబ్‌టైటిల్ సెట్టింగ్స్‌లో ఎంచుకున్నాక పద్యం పద్యంలా వచ్చింది. వెర్షన్ 20 నుంచి కోడి టెక్స్ట్ సబ్‌టైటిళ్లన్నిటినీ లిబాస్ అనే లైబ్రరీ ద్వారా గీస్తుంది, వత్తులు, గుణింతాలు కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే ఇంకో లైబ్రరీ చూసుకుంటుంది. "క్ష్మ" విడిపోకుండా వచ్చిందా లేదా అని మాస్టారు దగ్గరికెళ్లి మరీ చూశారు. వచ్చింది.

1000 గంటలు

అసలు చిక్కు ఇప్పుడు. డెవలపర్ మోడ్ శాశ్వతం కాదు. ఒకప్పుడు 50 గంటలే ఉండేది, ఇప్పుడు 1000 గంటలు, అంటే 41 రోజుల 16 గంటలు. గడువు దాటితే ఆ మోడ్‌లో ఎక్కించిన యాప్ పోతుంది. దాంతోపాటే ఫాంటు, సెట్టింగులు, ఎక్కడిదాకా చూశామన్న గుర్తులు. టీవీ ఆపి ఊరెళ్లినా లెక్క నడుస్తూనే ఉంటుంది. కోడి ఆ టీవీలో అద్దెకు ఉన్నట్టు లెక్క, అద్దె ఎవరు కడతారో ఎక్కించే ముందే తేలాలి.

డెవలపర్ మోడ్ యాప్ తెరిచి ఎక్స్‌టెండ్ బటన్ నొక్కితే గడువు మళ్లీ మొదటికొస్తుంది. నెలకోసారి నొక్కండి అని చెప్పి వచ్చేయడం అందరూ చేసే పని. డెబ్బై దాటిన మనిషి ఆ బటన్ గుర్తుపెట్టుకుంటారని నేను నమ్మను, నలభై ఏళ్లవాళ్ల మీదా నమ్మకం లేదు. పైగా ఆ యాప్‌లో ఎక్స్‌టెండ్‌కు దగ్గర్లోనే డెవ్ మోడ్ ఆపేసే స్విచ్ ఉంటుంది. పొరపాటున అది నొక్కినా కోడి పోయినట్టే.

టీవీలోని సెషన్ టోకెన్ (ఆ డెవలపర్ మోడ్‌ను గుర్తించే రహస్య కోడ్) తీసుకుని ఎల్‌జీ డెవలపర్ సైటుకు చిన్న రిక్వెస్టు పంపినా గడువు పెరుగుతుంది. ఎలాగూ రోజంతా వెలిగే లాప్‌టాప్ ఉంది కదా, వారానికోసారి ఆ రిక్వెస్టు పంపేలా పెట్టాను. సైటు నుంచి సరైన జవాబు రాకపోతే మాస్టారికి, వాళ్లబ్బాయికి మెయిల్ వెళ్తుంది. నాక్కూడా పెట్టమన్నారు గానీ వద్దన్నాను. ఆ టోకెన్, ఆ మెయిళ్లు వాళ్ల ఇంటివి, నా దగ్గర ఉండటానికి కారణం లేదు. వారానికోసారి అని పెట్టడానికి కారణం, ఒకటి రెండుసార్లు తప్పినా సర్దుకోవడానికి ఇంకా నెల టైము ఉంటుంది.

ఇవన్నీ తప్పినా ఇల్లు ఖాళీ కాకూడదు. కోడి సెట్టింగుల ఫోల్డర్, ఫాంటు, ఐపీకే ఫైలు లాప్‌టాప్‌లో ఒక కాపీ ఉన్నాయి. ఏ నాటకం ఎక్కడ ఆడింది, ఎవరు ఏ వేషం వేశారన్న వివరాలు మాస్టారు కూర్చుని ఎక్కించారు. వాటిని కోడి ఎక్స్‌పోర్ట్‌తో ప్రతి వీడియో పక్కనే ఎన్‌ఎఫ్‌ఓ అనే చిన్న వివరాల ఫైళ్లుగా రాయించాను. ఇందుకోసం ఆ ఒక్క పూటకు షేర్‌ను రాయడానికి తెరిచి, మళ్లీ మూసేశాను. ఇక జెల్లీఫిన్. దాన్ని ఇందుకే తీసేయలేదు. కోడి ఒక ఉదయం మాయమైనా, స్టోర్‌లోంచి వచ్చిన జెల్లీఫిన్ యాప్ అక్కడే ఉంటుంది, అదే డిస్క్‌లోని నాటకాలు ఆడుతుంది. పద్యాల అక్షరాలు మాస్టారు కోరినట్టు ఉండవు, అంతే తేడా. టీవీ అప్‌డేట్లు ఆన్‌లోనే ఉంచాను, ఓటీటీ యాప్‌లు ఎప్పట్లాగే నడుస్తున్నాయి.

అప్పగించేటప్పుడు ఒక కాగితం రాసిచ్చాను. కోడి కనపడకపోతే ముందు ఏం చూడాలి, లాప్‌టాప్‌లో ఏ ఫోల్డర్‌లో ఏముంది, ఏ స్విచ్ ముట్టుకోకూడదు. చదివి, రెండు చోట్ల నా తెలుగు దిద్ది, లామినేషన్ చేయించి రిమోట్ల ట్రేలో పెట్టారు.

తర్వాత కొన్నాళ్లకు గుంటూరు బ్రాడీపేట నుంచి వాళ్ల తమ్ముడు ఫోన్ చేశారు. అన్నగారి టీవీలో పెట్టిందే తనకూ కావాలి, తనది శాంసంగ్. శాంసంగ్‌లో నడిచేది టైజెన్, దానికి కోడి లేదు. అక్కడా డెవలపర్ మోడ్ ఉంది, యాప్స్ పేజీలో 12345 కొట్టి, కంప్యూటర్ ఐపీ ఇచ్చి తెరవాలి. ఆ తర్వాత టీవీ గుర్తింపు సంఖ్యతో సర్టిఫికెట్ తయారుచేసి యాప్‌కు సంతకం చేయించాలి. ఇంత చేసినా ఎక్కేది కోడి కాదు. ఆయన టీవీ స్టాండ్ మీదే ఉంది, హెచ్‌డీఎంఐ పోర్టులు వెనక్కి చేయి పెడితే అందుతాయి. ఆండ్రాయిడ్ స్టిక్ కొనుక్కోమన్నాను. ఫాంటు ఫైలు, దిద్దిన ఎస్‌ఆర్‌టీలు అన్నగారి దగ్గర్నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నారు, మిగతాది ఫోన్‌లో చెబితే ఆయనే చేసుకున్నారు. బిల్లు వేయలేదు.